హోల్డౌటా, హోల్డ్-ఇన్నా, ట్యాగ్ మీద సంతకమా: ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడికి ఏ దారి ఎప్పుడు పనికొస్తుంది?

ఏటా జూలై ఆఖరి వారంలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ట్రైనింగ్ క్యాంపులు మొదలవుతాయి. మొదలైన రోజే ఒకరిద్దరు స్టార్లు కనిపించరు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండే తెలుగువాళ్లకి ఈ తంతు బాగా అలవాటే, ఎందుకంటే డాలస్ టీమ్ కౌబాయ్స్‌లో ఇది తరచూ జరుగుతుంది. 2019లో ఎజెకియల్ ఎలియట్, 2023లో జాక్ మార్టిన్, 2024లో సీడీ లాంబ్, 2025లో మైకా పార్సన్స్. వాట్సాప్ గ్రూపుల్లో ప్రతిసారీ అదే వాదన: "సంతకం పెట్టాడుగా, వచ్చి ఆడాలిగా!"

ఆ మాటకి ముందుగా ఒక జవాబు చెప్పాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయిదేళ్ల కాంట్రాక్ట్ అంటే అయిదేళ్ల జీతం గ్యారంటీ అని కాదు. గ్యారంటీ అని రాసుకున్న భాగం పోతే మిగతా డబ్బు టీమ్ ఉంచుకున్నంత కాలమే వస్తుంది. టీమ్ మధ్యలో తీసేయొచ్చు, ఆటగాడు మాత్రం మధ్యలో వెళ్లిపోలేడు. అందుకని అతని చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం, ఆడకుండా ఉండటం. అయితే దాన్ని వాడే పద్ధతులు అయిదారు ఉన్నాయి, వాటి ఖర్చులు వేరు, ఫలితాలు వేరు. ఏది మంచిదో తేల్చేది ఆటగాడి కోపమో, ప్రతిభో కాదు. అతను ఏ కాగితం మీద సంతకం పెట్టాడు, ఏది పెట్టలేదు అన్నదే తేలుస్తుంది.

ముందు కాగితం చూడండి

ఏ ఆటగాడి గొడవ వార్తల్లోకి వచ్చినా మొదట అడగాల్సిన ప్రశ్న: ఇతను ఇప్పుడు కాంట్రాక్ట్‌లో ఉన్నాడా, లేడా?

ఫ్రాంచైజ్ ట్యాగ్ (కాంట్రాక్ట్ ముగిసినవాడిని టీమ్ ఇంకో ఏడాదికి ఆపుకునే పద్ధతి) వేయించుకుని దాని మీద ఇంకా సంతకం పెట్టని ఆటగాడు కాంట్రాక్ట్‌లో లేనట్టే. అతను క్యాంపుకి రాకపోయినా ఒక్క డాలర్ జరిమానా వేయలేరు. డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో) ఎంపికై ఇంకా సంతకం పెట్టని కొత్త కుర్రాడికీ ఇదే వర్తిస్తుంది. వీళ్లని హోల్డౌట్ (క్యాంపు ఎగ్గొట్టినవాళ్లు) అని పిలవడం మీడియా అలవాటు. రూల్స్ ప్రకారం చూస్తే వాళ్లు ఎగ్గొట్టిన డ్యూటీ అంటూ ఏదీ లేదు.

కాంట్రాక్ట్‌లో ఉన్నవాళ్లలో మళ్లీ రెండు రకాలు. రూకీ కాంట్రాక్ట్‌లో, అంటే లీగ్‌లోకి వచ్చినప్పటి మొదటి కాంట్రాక్ట్‌లో ఉన్నవాడు క్యాంపుకి రాకపోతే రోజుకి 40 వేల డాలర్లు జరిమానా, కానీ టీమ్ తలుచుకుంటే తర్వాత దాన్ని మాఫీ చేయొచ్చు. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాళ్ల అయిదో ఏడాది ఆప్షన్ (నాలుగేళ్ల రూకీ కాంట్రాక్ట్‌ని టీమ్ ఇంకో ఏడాది పొడిగించుకోవడం) కూడా ఈ కోవలోకే వస్తుంది. రెండో కాంట్రాక్టో మూడో కాంట్రాక్టో నడుస్తున్న సీనియర్‌కి రోజుకి 50 వేలు, అది మాఫీ చేసే అధికారం టీమ్‌కి లేదు. 2020లో లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం తెచ్చిన మార్పు ఇది. అంతకు ముందు టీమ్‌లు చివర్లో "సరేలే, పోనీ" అని వదిలేసేవి. దాంతో జరిమానా అన్నది ఉత్త బెదిరింపుగా మిగిలేది.

రూకీల విషయంలో ఇంకో గోడ ఉంది. డ్రాఫ్ట్‌లో ఎంపికైన ఆటగాడి కాంట్రాక్ట్‌ని అతని మూడో సీజన్ ముగిసేదాకా మార్చనే కూడదు. రెండో ఏడాదే అదరగొట్టినా, టీమ్ ఓనర్‌కి ఇష్టమున్నా సరే, కుదరదు. కాబట్టి మొదటి మూడేళ్లలో మొండికేయడం వల్ల వచ్చేది ఏమీ లేదు.

క్యాంపుకే రాకపోవడం: అసలు హోల్డౌట్

పేరు పెద్దది, ఖర్చు కూడా పెద్దదే. జూన్‌లో జరిగే తప్పనిసరి మినీక్యాంప్ మూడు రోజులు మానేస్తేనే ఇప్పుడు లక్ష డాలర్లు దాటుతుంది. క్యాంపు మొదలయ్యాక రోజువారీ జరిమానా. ఆరో రోజు నుంచి సంతకం పెట్టినందుకు ఇచ్చిన సైనింగ్ బోనస్ మీద కూడా చెయ్యి పడుతుంది: ఆ ఏడాది వాటాలో 15 శాతంతో మొదలై 25 శాతం దాకా టీమ్ వెనక్కి అడగొచ్చు. సీజన్ మొదలైతే మానేసిన ప్రతి వారానికీ జీతంలో 18వ వంతు పోతుంది.

డబ్బు కంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. ఏ టీమ్‌కైనా వెళ్లగలిగే ఫ్రీ ఏజెంట్ కావాలంటే లెక్కలోకి వచ్చే సీజన్లు నాలుగు పూర్తవ్వాలి. వీటిని అక్రూడ్ సీజన్లు అంటారు. కాంట్రాక్ట్‌లో ఉన్నవాడు క్యాంపు మొదటి రోజున హాజరు కాకపోతే ఆ ఏడాది లెక్కలోకి రాదు. పాత ఒప్పందంలో మొదటి మ్యాచ్‌కి 30 రోజుల ముందు వరకు గడువు ఉండేది, 2020 తర్వాత అదీ పోయింది. నాలుగో ఏడాదిలో ఉన్న కుర్రాడు ఇలా ఒక సీజన్ పోగొట్టుకుంటే వచ్చే ఏడాది అతని చేతిలో మూడే ఉంటాయి. అప్పుడు అతను రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్. అంటే వేరే టీమ్ ఎంత ఇస్తానన్నా పాత టీమ్ అంతే ఇచ్చి అట్టే పెట్టుకోవచ్చు. జీవితంలో పెద్ద జీతం వచ్చే సమయాన్ని ఒక ఏడాది వెనక్కి తోసుకున్నట్టు.

అందుకే నా లెక్కలో ఈ దారి రెండు రకాల వాళ్లకే పనికొస్తుంది. ఒకరు, నాలుగు సీజన్లు ఎప్పుడో దాటేసి, టీమ్ తన స్థానంలో ఇంకొకరిని పెట్టలేని సీనియర్. జాక్ మార్టిన్ 2023లో చేసింది అదే. లీగ్‌లోనే అత్యుత్తమ గార్డ్‌లలో (ముందు వరసలో ఉండి దాడిని ఆపేవాళ్లలో) ఒకడు, తన పొజిషన్‌లో మిగతావాళ్ల కంటే చాలా తక్కువ జీతం. ఆగస్టు మధ్యకల్లా మిగిలిన రెండేళ్లకీ 36 మిలియన్ డాలర్లు పూర్తి గ్యారంటీగా రాయించుకున్నాడు. మళ్లీ కొత్త ఏళ్లు కలపకుండానే! 2024లో ఫార్టీనైనర్స్ లెఫ్ట్ ట్యాకిల్ ట్రెంట్ విలియమ్స్ కూడా సెప్టెంబర్ మొదటి వారం దాకా రాలేదు, చివరికి కొత్త లెక్కతోనే వచ్చాడు.

రెండో రకం, అయిదో ఏడాది ఆప్షన్‌లో ఉన్న సూపర్‌స్టార్. అప్పటికే నాలుగు సీజన్లు జేబులో ఉంటాయి, జరిమానా మాఫీ అయ్యే రకం. 2023లో ఫార్టీనైనర్స్ ఆటగాడు నిక్ బోసా అలా కూర్చుని సెప్టెంబర్ 6న అయిదేళ్లకి 170 మిలియన్లు తెచ్చుకున్నాడు. 2024 ఆగస్టు 26న లాంబ్‌కి నాలుగేళ్లకి 136 మిలియన్లు.

క్రిస్ జోన్స్ కథ కొంచెం మధ్యస్థం. 2023లో చీఫ్స్ డిఫెన్స్‌కి అతనే గుండెకాయ. మొదటి మ్యాచ్ రోజున యారోహెడ్ స్టేడియంలో పై గదిలో కూర్చుని చూశాడు. చీఫ్స్ 21-20 తేడాతో లయన్స్ చేతిలో ఓడారు. ఆ ఒక్క వారానికే జీతంలో మిలియన్ పైగా పోయింది. అంత చేసినా వెంటనే దొరికింది దీర్ఘకాల కాంట్రాక్ట్ కాదు, అదే ఏడాదికి కొన్ని ఇన్సెంటివ్‌లు. అసలు డబ్బు 2024 మార్చిలో వచ్చింది: అయిదేళ్లకి 158.75 మిలియన్లు. ఫ్రీ ఏజెన్సీ గుమ్మం దాకా వెళ్లినందుకు వచ్చిందా, హోల్డౌట్ వల్ల వచ్చిందా అంటే నేను మొదటిదే అంటాను.

ఎవరు వెళ్లకూడదో చెప్పడానికి హసాన్ రెడిక్ చాలు. ఈగల్స్‌లో 2022లో 16 సాక్‌లు (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడం), 2023లో 11. 2024లో జెట్స్‌కి ట్రేడ్ అయ్యాడు. కొత్త టీమ్‌కి అడుగే పెట్టకుండా ఏడు మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. చివరికి వచ్చి ఆడిన 10 మ్యాచ్‌లలో సాక్ ఒక్కటే. టీమ్‌తో ఇంకా ఒక్క స్నాప్ (ఒక్క ఆట) కూడా ఆడనివాడికి "నువ్వు లేకపోతే మేం ఓడిపోతాం" అనే భయం పుట్టించే బలం ఎక్కడిది?

రోస్టర్ లెక్క వైపు నుంచి కూడా టీమ్‌కి పెద్ద ఇబ్బంది ఉండదని గుర్తుంచుకోవాలి. రానివాడిని "హాజరు కాలేదు" అనే రిజర్వ్ జాబితాలో పెడితే అతను క్యాంపులో 90 మందిలోనూ లెక్క కాడు, సీజన్‌లో 53 మందిలోనూ లెక్క కాడు. ఆ స్థానంలో ఇంకొకరిని తెచ్చుకోవచ్చు. తిరిగొచ్చాక కూడా కొద్ది రోజులు మినహాయింపు దొరుకుతుంది. "నా సీటు ఖాళీగా ఉంచి చూస్తూ ఉంటారు" అనుకునే ఆటగాడికి ఈ సంగతి ఏజెంట్ ముందే చెప్పాలి.

వచ్చి కూర్చోవడం: హోల్డ్-ఇన్

2020 ఒప్పందం హోల్డౌట్ తలుపు మూసేసరికి ఆటగాళ్లు కిటికీ వెతుక్కున్నారు. క్యాంపుకి టైముకి వస్తాడు, మీటింగ్‌లకి వెళ్తాడు, జిమ్ చేస్తాడు. ప్రాక్టీస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నడుము పట్టేసిందనో, కాలు నొప్పనో పక్కన నిలబడతాడు. హాజరు పడింది కాబట్టి జరిమానా లేదు, సీజన్ లెక్క పోదు, బోనస్ జోలికి రాలేరు. ఆడట్లేదు కాబట్టి గాయం భయం కూడా లేదు.

దీనికి బాట వేసినవాడిగా చాలామంది చెప్పేది టి.జె. వాట్ పేరు. 2021 క్యాంప్ అంతా స్టీలర్స్‌తోనే ఉండి టీమ్ డ్రిల్స్‌లో దిగలేదు. సీజన్ మొదటి ఆదివారానికి మూడు రోజుల ముందు, సెప్టెంబర్ 9న, నాలుగేళ్లకి 112 మిలియన్లకి సంతకం పెట్టాడు. ప్రాక్టీస్ లేదు కదా అని పెదవి విరిచినవాళ్లకి జవాబుగా ఆ ఏడాదే 22.5 సాక్‌లతో అప్పటి లీగ్ రికార్డుని సమం చేశాడు.

2022లో బేర్స్ లైన్‌బ్యాకర్ రోక్వాన్ స్మిత్ ఏజెంట్ కూడా లేకుండా ఇదే పని చేశాడు. కొత్త కాంట్రాక్ట్ రాలేదు. ఆగస్టులో ప్రాక్టీస్‌లోకి దిగి ఆడాడు, అక్టోబర్ 31న రేవెన్స్‌కి ట్రేడ్ అయ్యాడు, 2023 జనవరిలో అయిదేళ్లకి 100 మిలియన్లు తీసుకున్నాడు. అంటే హోల్డ్-ఇన్ వెంటనే ఫలించకపోయినా ఆటగాడికి పోయిందేమీ లేదు. ఇదే దీని గొప్పతనం.

2025 వేసవిలో పార్సన్స్ దీన్ని చివరి అంచు దాకా తీసుకెళ్లాడు. ట్రేడ్ చేయమని బహిరంగంగా అడిగాడు, ఒక ప్రీసీజన్ మ్యాచ్‌లో సైడ్‌లైన్ దగ్గర ట్రైనింగ్ టేబుల్ మీద వాలి పడుకున్న ఫొటో అంతటా తిరిగింది. ఆగస్టు 28న ప్యాకర్స్‌కి వెళ్లాడు. బదులుగా కౌబాయ్స్‌కి కెన్నీ క్లార్క్ అనే ఆటగాడు, డ్రాఫ్ట్‌లో రెండు మొదటి రౌండ్ పిక్‌లు (ఎంపిక హక్కులు). అతనికి నాలుగేళ్లకి 188 మిలియన్లు. డాలస్ అభిమానిగా చూస్తే కడుపు మండుతుంది, కానీ ఆటగాడి వైపు నుంచి చూస్తే ఒక్క తప్పటడుగు కూడా కనిపించదు.

దీనికీ హద్దు ఉంది. టీమ్‌కి హాని చేసే ప్రవర్తన అని తేల్చి నాలుగు వారాల దాకా జీతం లేకుండా సస్పెండ్ చేసే అధికారం టీమ్‌లకి ఉంది. 2005లో ఈగల్స్ తమ రిసీవర్ టెరెల్ ఓవెన్స్ మీద వాడింది అదే. 2004లోనే ఏడేళ్ల కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టి, ఏడాది తిరక్కుండా ఇంకా కావాలని అడిగాడు. క్యాంపుకి వచ్చాడు కానీ కోచ్‌తో, క్వార్టర్‌బ్యాక్‌తో బహిరంగంగా గొడవపడ్డాడు. నవంబర్‌లో సస్పెన్షన్, ఆ తర్వాత సీజన్ అంతా బెంచ్ మీద కూడా కూర్చోనివ్వలేదు. హోల్డ్-ఇన్ చేసేవాడు నోరు అదుపులో పెట్టుకుంటే చాలు, నొప్పి లేదని రుజువు చేయడం ఏ టీమ్‌కైనా కష్టమే.

ట్యాగ్ పడితే

ఫ్రాంచైజ్ ట్యాగ్ అంటే ఫ్రీ ఏజెంట్ కాబోతున్న ఒక్క ఆటగాడిని టీమ్ ఒక ఏడాదికి ఆపుకోవడం. జీతం ఆ పొజిషన్‌లో అత్యధికంగా తీసుకునేవాళ్ల సగటుని బట్టి ఉంటుంది. రెండోసారి వేస్తే కనీసం 20 శాతం ఎక్కువ, మూడోసారి 44 శాతం ఎక్కువ. జూలై మధ్యలోగా దీర్ఘకాల కాంట్రాక్ట్ కుదరకపోతే ఆ ఏడాదికి ఒక్క ఏడాది జీతమే గతి. పదో వారం తర్వాతి మంగళవారంలోగా సంతకం పెట్టకపోతే ఆ సీజన్ మొత్తం ఆడటానికి లేదు.

ఇక్కడ రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూడాలి.

క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్ సంతకం పెట్టి ఆడాడు. వాషింగ్టన్ టీమ్ 2016లో ట్యాగ్ వేసింది, 19.95 మిలియన్లు. 2017లో మళ్లీ వేసింది, 23.94 మిలియన్లు. మూడోసారి వేయాలంటే 34 మిలియన్లు దాటుతుంది కాబట్టి వదిలేసింది. 2018లో వైకింగ్స్ మూడేళ్లకి 84 మిలియన్లు ఇచ్చింది, అదీ మొత్తం గ్యారంటీ. టీమ్ తనని ఆపడానికి వాడిన ట్యాగ్‌నే నిచ్చెన చేసుకున్నాడు.

లెవియన్ బెల్ సంతకం పెట్టలేదు. స్టీలర్స్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు), 2018లో రెండో ట్యాగ్, దాదాపు 14.5 మిలియన్లు. కాంట్రాక్ట్‌లో లేడు కాబట్టి జరిమానా లేదు, కానీ వారానికి సుమారు 8.55 లక్షల డాలర్ల జీతం వదులుకున్నట్టే. నవంబర్ 13 గడువు దాటిపోయింది, ఏడాది మొత్తం ఆడలేదు. ఈలోపు అతని చోట జేమ్స్ కానర్ 12 రషింగ్ టచ్‌డౌన్‌లు చేసి స్టార్ల మ్యాచ్ ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. 2019లో జెట్స్ బెల్‌కి నాలుగేళ్లకి 52.5 మిలియన్లు రాసిచ్చింది, అందులో 35 గ్యారంటీ. మొదటి ఏడాది సగటు క్యారీకి (ఒక్కో పరుగుకి) 3.2 గజాలు, 2020 అక్టోబర్‌లో విడుదల. ఆ ఏడాది విశ్రాంతి ఒంటికి మంచిదని అప్పట్లో అతని వైపు వాదించినవాళ్లు ఉన్నారు. గ్యారంటీ డబ్బు చూసి ఇప్పటికీ గెలిచాడనేవాళ్లూ ఉన్నారు. నా ఉద్దేశంలో వదిలేసిన 14.5 మిలియన్లు తిరిగి రాలేదు.

మధ్యే మార్గం ఒకటుంది, రన్నింగ్ బ్యాక్‌లకి నేను చెప్పేది అదే: క్యాంప్ అంతా దూరంగా ఉండి, సీజన్‌కి ముందు కాస్త పెంచిన మొత్తంతో సంతకం పెట్టడం. 2023లో జాష్ జేకబ్స్ ఆగస్టు ఆఖర్లో 12 మిలియన్ల దాకా వచ్చే ఒక ఏడాది ఒప్పందంతో తిరిగొచ్చాడు, 10 మిలియన్ల ట్యాగ్ కంటే మెరుగు. ఎండలో నెల్లాళ్లు దెబ్బలు తినకుండా, రూపాయి జరిమానా లేకుండా. అదే ఏడాది జెయింట్స్‌తో సేక్వాన్ బార్క్లీ కూడా కాస్త పెంచిన ట్యాగ్‌కి ఒప్పుకుని ఆడేశాడు. 2024లో ఈగల్స్‌కి వెళ్లి 2,005 గజాలు పరుగెత్తి సూపర్ బౌల్ గెలిచాడు.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కౌబాయ్స్ రన్నింగ్ బ్యాక్ ఎమిట్ స్మిత్ పేరు ఎత్తుతారు. 1993లో అతను లేకుండా కౌబాయ్స్ మొదటి రెండు మ్యాచ్‌లు ఓడారు, ఓనర్ దిగొచ్చి నాలుగేళ్లకి 13.6 మిలియన్లు ఇచ్చాడు, ఆ సీజన్‌లో టీమ్ సూపర్ బౌల్ గెలిచింది. నిజమే. కానీ అప్పుడతను కాంట్రాక్ట్ ముగిసిన రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్, పైగా అప్పటికి టీమ్ మొత్తం జీతాల మీద పరిమితి, అంటే శాలరీ క్యాప్ కూడా రాలేదు. కాంట్రాక్ట్ నడుస్తున్నవాడికి అది ఆదర్శం కాదు. కాంట్రాక్ట్ నడుస్తున్న రన్నింగ్ బ్యాక్ మెల్విన్ గోర్డన్ 2019లో ఛార్జర్స్‌తో నాలుగు మ్యాచ్‌లు బయట కూర్చుని ఏమీ రాకుండానే తిరిగొచ్చాడు. అప్పటికే అతని చోట ఆస్టిన్ ఎకెలర్ పాతుకుపోయాడు.

ఏమీ చేయకుండా ఆడేయడం

చప్పగా అనిపించినా కొందరికి ఇదే ఎక్కువ డబ్బు తెచ్చింది. రిసీవర్ జమార్ చేజ్ 2024లో బెంగాల్స్‌తో క్యాంప్‌లో హోల్డ్-ఇన్ చేశాడు, ఒప్పందం కుదరలేదు, అయినా ఆడాడు. క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్‌లు మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం. 2025 మార్చిలో నాలుగేళ్లకి 161 మిలియన్లు. ఆగస్టులో ఒప్పుకుని ఉంటే అంత వచ్చేదని నేననుకోను.

దీని ప్రమాదం ఒకటే, గాయం. 2018లో సీహాక్స్ సేఫ్టీ ఎర్ల్ థామస్ హోల్డౌట్ ముగించి కొత్త కాంట్రాక్ట్ లేకుండానే ఆడాడు. నాలుగో వారంలో అరిజోనాలో కాలు విరిగింది. బండి మీద బయటికి తీసుకెళ్తుంటే సొంత టీమ్ సైడ్‌లైన్ వైపు మధ్యవేలు చూపించాడు. అయినా మరుసటి ఏడాది రేవెన్స్ నాలుగేళ్లకి 55 మిలియన్లు ఇచ్చింది. కాలు విరిగినా డబ్బు వచ్చింది, కానీ వయసులో ఉన్న గొప్ప సేఫ్టీ కాబట్టి. రన్నింగ్ బ్యాక్‌కి అదే మోకాలు అయితే ఇంత ధైర్యంగా చెప్పలేను.

అయితే ఎవరికి ఏది?

నాలుగో ఏడాది రూకీ కాంట్రాక్ట్‌లో ఉంటే హోల్డ్-ఇన్ తప్ప ఇంకేదీ ఆలోచించొద్దు. అయిదో ఏడాది ఆప్షన్‌లో ఉన్న ఎడ్జ్ రషర్ (పక్క నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాడు), రిసీవర్ అయితే హోల్డ్-ఇన్ సురక్షితం, హోల్డౌట్ భరించదగ్గది. ముప్పై దాటిన ఆఫెన్సివ్ లైన్‌మన్‌కి హోల్డౌట్ నిజంగానే పనిచేస్తుంది, ఎందుకంటే మంచి ట్యాకిల్ లేని క్వార్టర్‌బ్యాక్ పరిస్థితి ఓనర్లకి బాగా తెలుసు. ట్యాగ్ పడిన క్వార్టర్‌బ్యాక్ అయితే సంతకం పెట్టి ఆడు, వచ్చే ఏడాది లెక్క నీ వైపే. ట్యాగ్ పడిన రన్నింగ్ బ్యాక్ అయితే క్యాంప్ ఎగ్గొట్టు, మొదటి వారానికి మాత్రం రా. ఏడాది మొత్తం ఇంట్లో కూర్చోమని నేను ఎవరికీ చెప్పను.

ఫాంటసీ లీగ్ (నిజం ఆటగాళ్లని ఎంచుకుని వాళ్ల ఆటని బట్టి పాయింట్లు పొందే ఆట) ఆడేవాళ్లకి దీంట్లో నేరుగా పనికొచ్చేది తేదీలు. 2018లో ఆరన్ డోనల్డ్ ఆగస్టు 31, ఖలీల్ మాక్ సెప్టెంబర్ 1, ఆ పైన ఎలియట్ సెప్టెంబర్ 4, బోసా 6, వాట్ 9: ఏడాది ఏదైనా పెద్ద ఒప్పందాలు లేబర్ డేకి (సెప్టెంబర్ మొదటి సోమవారానికి) అటూ ఇటూ గుమిగూడతాయి. మీ ఫాంటసీ డ్రాఫ్ట్ తేదీ మీ చేతిలో ఉంటే ఆ వారాంతానికి పెట్టుకోండి. ముందే పెట్టేశారా, హోల్డ్-ఇన్ ఆటగాడిని మామూలు చోటే తీసుకోండి, అతను మొదటి వారం ఆడే అవకాశమే ఎక్కువ. ట్యాగ్ మీద సంతకం లేని రన్నింగ్ బ్యాక్‌ని మాత్రం మొదటి రౌండ్‌లో ముట్టుకోకండి. 2018లో బెల్‌ని మొదటి మూడు పిక్‌లలో తీసుకుని మునిగినవాళ్లు ఎందరో. తీసుకోక తప్పదనుకుంటే అతని బ్యాకప్‌ని కూడా మీరే, ఇంకెవరూ గుర్తించకముందే తీసేసుకోండి.